చోడి కాళ్లకి తారు



ఈ గ్రూపులో జీవో 3 గురించి, 1/70 చట్టం గురించి, డీఎస్సీ గురించి, హాస్టల్ మెస్ గురించి పెద్ద పెద్ద పోస్టులు చదువుతున్నాం. మేం ఈసారి రాస్తున్నది ఒక కుక్కపిల్ల కాళ్ల గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, పర్లేదు. కానీ సగంలో ఆపెయ్యొద్దు, అసలు సంగతి సగం దాటాకే ఉంది.

మేం అంటే ముగ్గురం. అన్నదమ్ముల పిల్లలం. పెద్దోడు డిగ్రీ, నడిపోడు ఇంటర్, చిన్నోడు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. వేసవి సెలవులకి ముగ్గురం ఇంటికొచ్చాం. ఎవడు ఏ తప్పు చేశాడో విడివిడిగా రాస్తే గొడవలవుతాయని, ముగ్గురం కూర్చుని "మేము" అనే రాస్తున్నాం. తప్పులన్నీ ఉమ్మడివే.

మా ఊరు పాడేరు ఏజెన్సీలో ఉంది. పేరు రాయడం లేదు. మెయిన్ రోడ్డు నుంచి 4 కిలోమీటర్లు లోపలికి. ఆ 4 కిలోమీటర్లు ఇన్నాళ్లూ రాళ్లబాటే. మా చిన్నమ్మని రెండు కాన్పులకీ డోలీలోనే కిందికి దించారు. ఒకసారి వానలో గెడ్డ పొంగితే డోలీ మోసేవాళ్లు అవతలి గట్టు మీదే రెండు గంటలు కూర్చున్నారు. ఏజెన్సీలో పుట్టినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ వేసవిలో ఆ బాటకి తారు పడింది. మేం సెలవులకి వచ్చేసరికి మెటల్ పరిచి, రోలర్ తిప్పి, తారు చల్లుతున్నారు. ఊళ్లో ముసలీ ముతకా అందరూ సాయంత్రమయ్యేసరికి రోడ్డు చూడ్డానికే వెళ్లి నిలబడేవారు. మామ్మయితే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అంచున నిలబడి చూసేది. తొక్కితే పాడవుద్దని.

ఇక చోడి. మా ఇంటి కుక్క మార్చిలో అయిదు కూనల్ని పెట్టింది. నాలుగింటిని చుట్టాలు పట్టుకుపోయారు. చోళ్లరంగులో ఉన్నది మాత్రం మిగిలింది. అందుకే దాని పేరు చోడి. మా దగ్గర కుక్కని ఒళ్లో కూర్చోబెట్టుకుని బిస్కట్లు పెట్టే అలవాటు లేదు. చోడి చేను గట్టెక్కేదాకా అడవిపంది రాకుండా రాత్రంతా మొరగాలి, కోళ్ల జోలికొచ్చే జంతువుల్ని తరమాలి. అంబలి గిన్నెలో అడుగున మిగిలింది తాగాలి. అదే దాని ఉద్యోగం. కానీ ఈ కూన చిన్నోడి వెనకాలే తిరిగేది. వాడు గెడ్డకి పోతే గెడ్డకి, సంతకి బయల్దేరితే మలుపు దాకా.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం. మామ్మ సంతకెళ్లింది. ఎండ మాడ్చేస్తోంది. మేం పనసచెట్టు కింద పడుకుని ఉన్నాం. ఎప్పుడు వెళ్లిందో, తొండ వెనకాలో సీతాకోకచిలుక వెనకాలో పరిగెత్తి చోడి ఆ తారు చల్లిన ముక్క మీదికి వెళ్లిపోయింది. కుయ్యి కుయ్యిమని ఏడుపు వినబడి లేచి చూస్తే, నాలుగు కాళ్లూ నల్లగా, బూట్లు తొడుక్కున్నట్టు. ఆ బూట్లకి ఇసక, గులకరాళ్లు, ఎండుటాకులు అంటుకుని ఉన్నాయి. నడవలేక ఒక్కో కాలూ ఎత్తి విదిలిస్తోంది. విదిలించినకొద్దీ కొత్త చెత్త అంటుకుంటోంది. కూర్చుని నాకడం మొదలెట్టింది. మూతి కూడా నల్లబడింది.

అదృష్టం ఏమిటంటే తారు చల్లి చాలాసేపయింది కాబట్టి మసులుతూ లేదు. ఎండకి మెత్తబడి జిగురుగా ఉంది, అంతే. కాలే తారు మీద పడి ఉంటే కథ వేరేగా ఉండేది. అప్పుడు చెయ్యాల్సిందీ వేరు, అది తర్వాత చెప్తాం.

మేం చేసిన మొదటి తప్పు, లాగడం. కాలివేళ్ల మధ్య ఇరుక్కున్న గులకరాయిని చిన్నోడు పట్టుకుని పీకాడు. రాయితో పాటు వెంట్రుకలు వచ్చాయి, వెంట్రుకలతో పాటు కాస్త చర్మం. చోడి ఒక్క అరుపు అరిచి వాడి చేతిని కొరికేసింది. వాడు చెయ్యి వెనక్కి లాక్కుని "ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాడు. మేం కూడా పట్టించుకోలేదు. చోడి కాళ్ల వైపే చూస్తున్నాం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

రెండో తప్పు, డీజిల్. రోడ్డు పనివాళ్లు సాయంత్రం పని దిగాక చేతులకి అంటిన తారుని డీజిల్‌తో కడుక్కోవడం మేం రోజూ చూస్తున్నాం. మనుషుల చేతులకి పోయేది కుక్క కాళ్లకి పోదా అనుకున్నాం. నడిపోడు పరిగెత్తుకెళ్లి రోలర్ అన్నని అడిగి కూల్‌డ్రింక్ సీసాలో సగానికి డీజిల్ పట్టుకొచ్చాడు. పాతబట్ట ముంచి ముందరి కుడికాలు తుడిచాం. తారు నిజంగానే కరిగింది. బట్ట నల్లగా అయ్యింది. "చూశారా" అనుకున్నాం. రెండు నిమిషాలయ్యేసరికి చోడి ఆ కాలు నేలకేసి రుద్దుకోవడం మొదలెట్టింది. తుమ్ములు. నోట్లోంచి చొంగ. చర్మం లేచిన చోట ఎర్రగా కందిపోయింది. మేం పట్టుకునేలోపు ఆ కాలినే నాలుగుసార్లు నాకేసింది.

అప్పుడొచ్చింది మామ్మ. నెత్తిమీద గంప ఇంకా దించలేదు. వాసన పట్టేసింది.

"ఏటి చేస్తన్నార్రా గుంటలారా?"

చెప్పాం.

"పనసకాయ కోసినప్పుడు చేతులకి డీజిలు రాసుకుంటన్నారేటి మీరు?"

ముగ్గురం నోరు మూసుకున్నాం. ఏం చెప్తాం? పుట్టినప్పటి నుంచీ పనసకాయలు కోస్తున్నవాళ్లం. కత్తికి నూనె, చేతులకి నూనె. ఆ పాలు అంటుకుంటే నీళ్లతో సబ్బుతో ఎంత తోమినా పోవు. మళ్లీ నూనె రాసి రుద్దితేనే వదులుతాయి. ఆరేళ్ల పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు మా ఊళ్లో. మేం పడుకున్నది కూడా పనసచెట్టు కిందే. కానీ తారు అనేది రోడ్డు కాంట్రాక్టరు తెచ్చిన వస్తువు, కాబట్టి దానికి మందు కూడా కాంట్రాక్టరు మనుషుల దగ్గరే ఉంటుందనుకున్నాం. హాస్టల్లో ఇన్నేళ్లు చదివి మేం నేర్చుకున్నది ఇదా అని తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మామ్మ ముందు ఆ డీజిల్ కాలిని కడిగించింది. అంగన్‌వాడీ అక్క ఇంటి నుంచి చంటిపిల్లల సబ్బు తెప్పించింది. బట్టల సబ్బు పట్టుకుంటే చేతి మీద కొట్టింది. గోరువెచ్చని నీళ్లు, సబ్బు, మళ్లీ నీళ్లు, డీజిల్ వాసన పోయేదాకా. తర్వాత చోడిని పాత గోనెసంచిలో తల మాత్రం బయటికి వచ్చేలా చుట్టి, ఒక్కో కాలే బయటికి తీసింది. పెద్దోడు పట్టుకోవాలి, నడిపోడు దీపం పట్టుకోవాలి, చిన్నోడు నోటి దగ్గర కూర్చుని అంబలి వేలితో నాకిస్తూ ఉండాలి. నోరు పని మీద ఉంటే కాలు నాకదు అని. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మొత్తంలో బాగా పనిచేసిన ఉపాయం ఇదే.

నూనె అంటే మా ఇంట్లో ఉన్నది వలిసె నూనె. అరకు వైపు వచ్చే టూరిస్టులు పసుపుపచ్చ వలిసెపూల మధ్య ఫొటోలు దిగుతారు చూశారా, ఆ పూల గింజల నూనే. మీ ఇంట్లో వేరుశనగ నూనో కొబ్బరినూనో పామాయిలో ఉంటే అదే చాలు. వంటకి వాడేది ఏదైనా సరే, ఎందుకంటే అది ఎలాగూ కొంత నాకుతుంది. మామ్మ ఆ నూనెని కొంచెం వెచ్చచేసి, వేడి తన మోచేతి మీద చూసుకుని, తారు మీద పోసి వేళ్లతో మెల్లగా పిసికింది. రుద్దడం కాదు. పిండి పిసికినట్టు. పిసికి వదిలేసింది. పది నిమిషాలు ఏమీ చెయ్యలేదు. మేం తొందరపడుతుంటే "తారుకి తొందర్లేదు, మీకేటి?" అంది.

పది నిమిషాల తర్వాత బట్టతో అద్దింది. నల్లటి జిడ్డు కొంత బట్టకి వచ్చింది. మళ్లీ నూనె, మళ్లీ ఆగడం, మళ్లీ అద్దడం. ఒక్కో కాలికి మూడు సార్లు, వెనక ఎడమకాలికి అయిదు. గులకరాళ్లని ఎవరూ లాగలేదు. నూనె కిందికి దిగాక వాటంతటవే జారిపోయాయి. రెండుచోట్ల మాత్రం వెంట్రుకలు, తారు, ఎండుటాకు కలిసి గట్టి ముద్దయిపోయాయి. పెద్దోడు బ్లేడు తెస్తానన్నాడు. మామ్మ ఒప్పుకోలేదు. కుక్క వేళ్ల మధ్య చర్మం గబ్బిలం రెక్కలా పలచగా ఉంటుంది, అది కదిలిందంటే తెగిపోద్ది అంది. పేలదువ్వెనని ముద్దకీ చర్మానికీ మధ్య దూర్చి, దువ్వెన పైన ఉన్న వెంట్రుకలని మాత్రం మొనలేని కత్తెరతో కత్తిరించింది. దువ్వెన అడ్డం ఉంటే కత్తెర చర్మాన్ని అందుకోలేదు.

తర్వాత మళ్లీ పిల్లల సబ్బు, గోరువెచ్చని నీళ్లు. ఈ కడుగుడు ఎందుకంటే నూనె వదిలేస్తే దానికి మళ్లీ దుమ్ము అంటుకుంటుంది, జారిపడుతుంది, పైగా రాత్రికి చీమలు పడతాయి. మేం ఒక కాలు సరిగ్గా కడగలేదు, చీమలు నిజంగానే పట్టాయి. కడిగాక వేళ్ల మధ్య తడి లేకుండా పాత నూలుబట్టతో ఒత్తి ఆరబెట్టాలి. తడి ఉంటే అక్కడ పాచి కంపు కొట్టి పుండు పడుతుంది.

మొత్తం రెండు గంటలు పట్టింది. పూర్తిగా పోలేదు. గోళ్ల మొదట్లో, అరికాలి మెత్తల మీద కొంచెం నలుపు మిగిలింది. "అది అదే పోద్ది, చర్మం ఊడబెరకొద్దు" అంది మామ్మ. వారం రోజుల్లో అదే పోయింది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాం. కానీ డీజిల్ నాకింది కదా అని పెద్దోడికి భయం. మా ఊళ్లో ఫోను మాట్లాడాలంటే సిగ్నల్ బండ ఎక్కాలి. ఏజెన్సీలో ప్రతి ఊరికీ ఒక సిగ్నల్ బండో సిగ్నల్ చెట్టో ఉంటుంది, మీ ఊరిది మీకు తెలుసు. ముగ్గురం చీకట్లో బండెక్కి సచివాలయంలో పశువుల వైద్యం చూసే సార్‌కి ఫోన్ చేశాం. మా ఆవులకి టీకాలు వెయ్యడానికి వచ్చినప్పుడు నంబరు తీసుకున్నాం. ఆయన ఎత్తారు. ఎత్తకపోతే 1962కి చేద్దామనుకున్నాం. అది మన రెండు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సు నంబరు, డబ్బులు కట్టక్కర్లేదు.

సార్ మొదట అడిగింది, "కక్కించారా బాబూ?" లేదన్నాం. నిజానికి ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దామని పక్కింటి పెద్దనాన్న సలహా ఇచ్చారు, గిన్నె కూడా కలిపి ఉంచాం. "వద్దు, వద్దు. డీజిల్, పెట్రోలు, కిరసనాయిలు, పెయింట్ థిన్నరు, ఇవి కడుపులో ఉన్నప్పుడు కన్నా కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగితేనే ఎక్కువ ప్రమాదం" అన్నారు. ఉప్పునీళ్లు విడిగా ఇంకో విషం అన్నారు. రాత్రంతా దగ్గు వస్తోందా, ఎగశ్వాస వస్తోందా, మత్తుగా పడిపోతోందా చూడమన్నారు. అవేవీ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు అన్నారు. నీలగిరి తైలం, టర్పెంటైన్ లాంటివి కూడా కుక్కకి పూయకూడదట. చంటిపిల్లలకి జలుబు చేస్తే రాసేది కదా, మంచిదే అనుకుంటాం మనం.

కాలే తారు సంగతి కూడా ఆయనే చెప్పారు. అప్పుడు నూనె మొదట కాదు. మామూలు చల్లని నీళ్లు పది పదిహేను నిమిషాలు ధారగా పోసి వేడి దించాలి, ఐస్ పెట్టకూడదు, అతుక్కున్న తారుని పీకకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తారుని పీకితే కాలిన చర్మం దానితోనే వచ్చేస్తుంది.

అంతా చెప్పి చివర్న మామూలుగా అడిగినట్టు అడిగారు. "మీలో ఎవరినైనా కరిచిందా?"

ఇద్దరం "లేదు సార్" అన్నాం. చిన్నోడు మాట్లాడలేదు. చెయ్యి నిక్కరు జేబులో ఉంది. ఫోను వెలుతురులో వాడి మొహం చూసి "చెయ్యి తియ్యి" అన్నాం. బొటనవేలి పక్కన రెండు పళ్లగాట్లు. రక్తం కారి గడ్డకట్టి ఉంది. మధ్యాహ్నం నుంచీ ఆ చేత్తోనే అంబలి నాకిస్తూ కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, నాన్నకి తెలిస్తే చోడిని కొట్టి చంపేస్తాడు అన్నాడు.

సార్ గొంతు మారిపోయింది. కూన అయినా, ఇంటి కుక్క అయినా, మీరే నొప్పి పెట్టి కరిపించుకున్నా సరే, ముందు గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి 15. పసుపు, కారం, కాఫీపొడి, సున్నం, ఏదీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. పొద్దున్నే పీహెచ్‌సీకి తీసుకెళ్లి టీకా వేయించండి. కూనని చంపొద్దు, కట్టేసి పది రోజులు కనిపెట్టండి.

బండ దిగొచ్చి కుళాయి కింద వాడి చెయ్యి పెట్టించి కడుగుతుంటే మామ్మ లేచి వచ్చింది. సంగతి చెప్పాం. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. అరుగు మీద కూర్చుండిపోయింది. చాలాసేపటికి చెప్పింది. మేం పుట్టక ముందు మామ్మ తమ్ముడిని, పదేళ్లవాడిని, ఊరకుక్క కరిచింది. గురువు దగ్గరికి తీసుకెళ్లారు. పసరు పోశారు, వేరు కట్టారు. గాయం మానిపోయింది. అందరూ మర్చిపోయారు. కొన్ని నెలల తర్వాత ఆ పిల్లాడు నీళ్ల కుండ చూసి కేకలు పెట్టడం మొదలెట్టాడు. మూడు రోజులు. "దాహం అనీవోడు. గిన్నె తెస్తే వణికిపోయీవోడు." అంతే చెప్పింది. పేరు కూడా చెప్పలేదు.

మేం మామ్మ మందుల్ని నమ్ముతాం. జ్వరానికి నేలవేము, దెబ్బకి ఆకుపసరు, మాకు మొదటి డాక్టరు ఆవిడే. ఆ సాయంత్రమే ఆవిడ నూనె ముందు మా డీజిల్ ఓడిపోయింది. ఆవిడే కుళాయి దగ్గర నిలబడి "దీనికి మన దగ్గర మందు లేదురా. తెల్లారీసరికి బండి తియ్యండి" అంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, బయటపడక ముందే టీకా పడాలి. ఈ మాట పుస్తకంలో మేం ముగ్గురం చదివాం. మార్కులు కూడా వచ్చాయి. అయినా చిన్నోడు జేబులో చెయ్యి పెట్టుకున్నాడు, మేం అడగలేదు.

పొద్దున్నే బయల్దేరాం. తారు ఇంకా పచ్చిగా ఉన్న ముక్క దగ్గర బండి దిగి, అంచు మట్టిలో నడిపించుకుంటూ వెళ్లాం. మిగతా దారి మీద మాత్రం బండి జారుకుంటూ పోయింది. ముందు ముప్పావు గంట పట్టే దూరం, పావుగంట పట్టలేదు. పీహెచ్‌సీలో డాక్టరమ్మ చూసి, పన్ను దిగి రక్తం వచ్చింది కాబట్టి టీకా ఒక్కటే సరిపోదు, గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా కావాలని మొదటి టీకా వేసి పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అదే రోజు అక్కడికీ వెళ్లొచ్చాం. తర్వాత 3, 7, 28 రోజులకి టీకాలు. వెయ్యాల్సినవి అన్నీ వెయ్యాలి. రెండు వేయించుకుని నొప్పి తగ్గిందని మానేసేవాళ్లు మన ఊళ్లల్లో బోలెడుమంది ఉన్నారు, మీకు తెలిసినవాళ్లుంటే చెవి మెలేసి తీసుకెళ్లండి. డబ్బులు అడగరు. ఇదివరకులా బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు కాదు, భుజానికే, సన్న సూది. చిన్నోడు ఏడవలేదు. పెద్దోడు పక్కకి తిరిగాడు.

నాన్న చోడిని కొట్టలేదు. మామ్మ ముందే మాట్లాడేసింది. పది రోజులు తాడుతో కట్టి ఉంచాం. మొదటి రోజు విరేచనాలయ్యాయి, అది నూనె వల్ల. దగ్గు రాలేదు. డీజిల్ తగిలిన కాలి మీద మాత్రం వెంట్రుకలు రాలి అరచెయ్యంత మచ్చ పడింది. ఇప్పుడిప్పుడే మళ్లీ మొలుస్తున్నాయి. కూన మూడు నెలలది అయ్యాక దానికీ రేబిస్ టీకా వేయించాం.

ఈ గొడవ తర్వాత మాకు ఊళ్లో "జిగురు డాక్టర్లు" అని పేరు పడింది. ఎవరి మేకపిల్లకి ఏం అంటుకున్నా పిలుస్తున్నారు. దానివల్ల ఇంకొన్ని తెలిశాయి. అన్ని జిగుర్లకీ నూనె కాదు. తపసి జిగురు తీసుకోండి. మన పెద్దోళ్లు అడవిలో ఏరి జీసీసీ డిపోలో అమ్ముతారు కదా. అది నీళ్లు పీల్చి ఉబ్బే రకం. నూనె పోస్తే ఏమీ కాదు, గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెడితే మెత్తటి జావలా అయిపోయి ఊడొస్తుంది. బెల్లం పాకం, తేనె కూడా అంతే, నీళ్లే మందు. పనసపాలు, తారు, ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టలు, వీటికి నూనె. ఎలుక జిగురులో చిన్న కూన ఇరుక్కుంటే అట్టతో సహా లాగొద్దు. చుట్టూ నూనె పోసి ఆగాలి. బబుల్‌గమ్ అయితే బట్టలో చుట్టిన ఐస్ ముక్క కాసేపు ఆనిస్తే గట్టిపడి పొడిగా విరుగుతుంది. ఐస్ మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుందని అడక్కండి, ఇది పాడేరు హాస్టల్లో నేర్చుకున్నది.

ఒక్కదాని దగ్గర మాత్రం జాగ్రత్త. జీడిపిక్కల తొక్కలో ఉండే నూనె. కాల్చేటప్పుడు చిమ్మేది. అది జిగురులా కనిపిస్తుంది గానీ చర్మాన్ని పొక్కిస్తుంది. నల్లజీడి కూడా అంతే. కూన జీడిపిక్కల తొక్కల కుప్పలో తిరిగిందంటే ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు. చేతులకి పాలిథిన్ కవర్లు తొడుక్కుని సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగాలి, నాకనివ్వకూడదు, పొక్కులు కనబడితే పశువుల డాక్టరుకి చూపించాలి.

రోడ్డు వాళ్లని ఏమీ అనడం లేదు మేం. ఆ అన్నలకి ఆ తారు చేతులు రోజూ ఉన్నవే. మేం వలిసె నూనె సంగతి చెప్తే రోలర్ అన్న నవ్వాడు. మర్నాడు మాత్రం వచ్చి, "మీ మామ్మని కాస్త నూనె అడుగు తమ్ముడూ, డీజిల్‌కి చేతులు పగిలిపోతున్నాయి" అన్నాడు. మామ్మ చిన్న సీసా పోసిచ్చింది. వాళ్లు పని ముగించి వెళ్లేదాకా మూడు సీసాలయ్యాయి. నూనె ధర ఎంతో తెలుసా అని అమ్మ గొణిగింది.

నిన్నటితో చిన్నోడి నాలుగో టీకా అయిపోయింది. తిరిగొచ్చేసరికి రోడ్డు మలుపు దాకా చోడి ఎదురొచ్చింది. తారు గట్టిపడి నెలవుతున్నా అది ఇంకా రోడ్డెక్కదు, పక్కనే మట్టిలో పరిగెడుతుంది. ఇంకొన్ని రాద్దామనుకున్నాం గానీ, ఇప్పుడే పెరట్లోంచి మామ్మ కేకేస్తోంది. పొద్దున కోసిన పనసకాయ తొక్కలన్నీ చోడి తొక్కేసిందట. నూనె గిన్నె పట్టుకురమ్మంటోంది. వెళ్తున్నాం.